తల్లిని దక్కించుకునే పనితనం

నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైచిలుకు రక్తం వెళుతుంది. బిడ్డ బయటికొచ్చి మాయ ఊడిపడ్డాక, అది అంటుకుని ఉన్న చోట రక్తనాళాల మూతులన్నీ తెరుచుకునే ఉంటాయి. వాటిని మూసే పని గర్భసంచి కండరానిదే. ఆ కండరపు పోగులు నులకమంచం అల్లికలా ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా, ఐమూలగా పోతాయి. నాళాలు ఆ అల్లిక సందుల్లోంచి వస్తాయి. నులక లాగి బిగిస్తే సందులు మూసుకుపోయినట్టు, కండరం ముడుచుకోగానే నాళాలు నొక్కుకుపోయి రక్తం ఆగుతుంది. చాలా కాన్పుల్లో ఇదంతా ఎవరూ గమనించకుండానే జరిగిపోతుంది.

కండరం ముడుచుకోకుండా మెత్తగా ఉండిపోయినా, మాయ పాత సిజేరియన్ మచ్చలోకి చొచ్చుకుపోయి ఊడిరాకపోయినా, గర్భసంచే చిరిగినా, కొద్ది నిమిషాల్లోనే తల్లి ప్రాణం మీదికొస్తుంది. చేయగలిగినవన్నీ చేసినా రక్తం ఆగనప్పుడు మిగిలేది ఒకటే దారి. గర్భసంచినే తీసేసి తల్లిని దక్కించుకోవాలి. వైద్యులు దీన్ని అబ్‌స్టెట్రిక్ హిస్టరెక్టమీ అంటారు. అరుదుగా చేసే ఈ ఆపరేషన్‌లో ఒక ఆసుపత్రి పనితనమంతా బయటపడుతుంది. సర్జన్ చేతి నేర్పు అందులో ఒక పాలు మాత్రమే. ఆపరేషన్ అవసరమని ఎవరు, ఎప్పుడు గుర్తించారు, రక్తం ఎంతసేపట్లో వచ్చింది, ఆమె ఆసుపత్రికి ఏ స్థితిలో చేరింది అన్నవి కూడా ఆ పనితనంలో భాగమే.

భిలాయ్‌కి చేరే కాగితం

దీన్ని పరిశీలించడానికి ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ తగిన ఊరు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన ఆ ఉక్కు నగరానికి ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు వలస వెళ్ళి స్థిరపడ్డాయి. సెక్టర్ 5లో బాలాజీ గుడి ఉంది. ఖుర్సీపార్ వీధుల్లో నడిస్తే శ్రీకాకుళం యాస వినబడుతుంది. ఉక్కు కర్మాగారం వాళ్ళ పెద్దాసుపత్రి, జవహర్‌లాల్ నెహ్రూ హాస్పిటల్, సెక్టర్ 9లో ఉంది. ఎనిమిది వందలకు పైగా పడకలతో, సొంత బ్లడ్ బ్యాంకుతో ఉన్న దాన్ని ఊళ్ళో అందరూ సెక్టర్ నైన్ అనే పిలుస్తారు.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలనేది మన ఆచారం. భిలాయ్‌లో కాపురముండే ఆడపిల్ల ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో రైలెక్కి రాయ్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా విజయనగరం వైపు వస్తుంది. పురుడు పోసుకుని, బిడ్డనెత్తుకుని తిరిగి వెళుతుంది. మలి కాన్పు చాలాసార్లు భిలాయ్‌లోనే అవుతుంది. తొలి కాన్పు సిజేరియన్ అయితే దాని మచ్చ ఆమెతోపాటు వెళుతుంది కానీ, దాని కథ వెళుతుందా లేదా అన్నది డిశ్చార్జి కాగితం మీద ఆధారపడుతుంది. గర్భసంచిని అడ్డంగా కోశారా, నిలువుగా కోశారా? కోత పక్కకి చిరిగిందా? అప్పుడు మాయ ఎక్కడుంది? రక్తం ఎక్కించారా? మలి కాన్పు చేసే డాక్టరుకి ఈ నాలుగు ప్రశ్నల జవాబులే దారి చూపుతాయి. ఆ కాగితాన్ని పసుపు కుంకాలతోపాటు పెట్టెలో భద్రంగా పెట్టి పంపే తల్లి ప్రసూతి వైద్యంలో తన వంతు పని సక్రమంగా చేసినట్టే.

ఆ మచ్చ గురించి ఇంతగా చెప్పడానికి కారణముంది. మాయ కిందికి దిగి గర్భసంచి ముఖద్వారాన్ని కప్పి ఉన్నవాళ్ళలో, అది కండరంలోకి చొచ్చుకుపోయే ప్రమాదం మొదటి సిజేరియన్‌లో 3 శాతం, రెండో దానిలో 11, మూడో దానిలో 40 శాతమని 2006లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఛత్తీస్‌గఢ్‌లో ఆ సంఖ్య 15.2 శాతం. ఇక తల్లుల మరణాలు చూస్తే, 2018–20లో ప్రతి లక్ష సజీవ జననాలకీ తెలంగాణలో 43, ఆంధ్రలో 45, ఛత్తీస్‌గఢ్‌లో 137. అవసరమైన ఆపరేషన్ అందక తల్లులు పోయే చోటు ఒకటి, అవసరం లేకపోయినా కోసి రేపటి ప్రమాదాన్ని నాటే చోటు ఇంకొకటి. భిలాయ్ తెలుగు కుటుంబాలు ఈ రెండింటి మధ్యా ప్రయాణిస్తుంటాయి.

కత్తి పట్టకముందు

ఈ ఆపరేషన్ పుట్టుకే ఒక తెగువ. 1876 మే 21న ఇటలీలోని పావియా నగరంలో ఎడ్వర్డో పోరో అనే వైద్యుడు, రికెట్స్ వల్ల కటి ఎముక వంకరపోయిన 25 ఏళ్ళ జూలియా కవల్లీనికి సిజేరియన్ చేశాడు. ఆ ఆసుపత్రిలో అప్పటిదాకా సిజేరియన్ అయిన తల్లి ఒక్కరూ బతకలేదు. గర్భసంచి కోతని కుట్టే పద్ధతి అప్పటికి స్థిరపడలేదు. రక్తం ఆగకపోయేసరికి పోరో గర్భసంచి కింది భాగానికి తీగ ఉచ్చు బిగించి, పై భాగాన్ని కోసి తీసేశాడు. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు. అంతకు కొన్నేళ్ళ ముందు బోస్టన్‌లో హొరేషియో స్టోరర్ ఇలాంటిదే చేశాడు గానీ తల్లి మూడు రోజులకి మించి బతకలేదు. 1882లో మాక్స్ సేంగర్ గర్భసంచిని పొరలుగా కుట్టే పద్ధతిని స్థిరపరిచాక, సిజేరియన్ అయిన ప్రతి తల్లికీ గర్భసంచి తీయాల్సిన పనిలేకపోయింది. పోరో ఆపరేషన్ ఆఖరి ఉపాయం స్థానంలోకి వెళ్ళింది.

ఆ ఆఖరికి రాకముందే ఎన్ని మెట్లు ఎక్కారన్నదే ప్రసూతి వార్డు పనితనం. మొదటి మెట్టు, పోయిన రక్తాన్ని కొలవడం. గుడ్డలు తడిసిన తీరు చూసి అంచనా కడితే, పోయినదానికన్నా తక్కువే అనిపిస్తుంది. కర్ణాటకలోని బెళగావి వైద్యులు, అమెరికా సహచరులతో కలిసి, గీతలున్న గరాటు సంచీ లాంటి ప్లాస్టిక్ షీటుని తయారు చేశారు. దాన్ని తల్లి కింద పరిస్తే రక్తం సంచీలోకి జారుతుంది, ఎన్ని మిల్లీలీటర్లో నర్సు కళ్ళతో చూసి చెప్పగలదు. 2006లో ప్రచురితమైన వాళ్ళ మిసోప్రోస్టాల్ మందు పరిశోధనలో, పల్లెల్లో కాన్పు చేసే నర్సుల చేతిలో ఈ సంచీయే కొలబద్ద. ఆఫ్రికా దేశాల్లో జరిగి 2023లో వెలువడిన మరో పెద్ద పరిశోధన ఇలాంటి సంచీతో కొలిచి, చికిత్సలన్నిటినీ ఒకేసారి మొదలుపెడితే తీవ్ర రక్తస్రావం, దాని కారణంగా చేసే ఆపరేషన్లు, మరణాలు కలిపి చూసినప్పుడు 60 శాతం తగ్గాయని చూపింది. కొలత ఇంత పని చేస్తుంది.

తర్వాతి మెట్లు చకచకా సాగాలి. పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచిని మర్దన చేయడం, దాన్ని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్, మిథర్జిన్, కార్బోప్రోస్ట్ మందులు, కాన్పయిన మూడు గంటల లోపే ఒక గ్రాము ట్రానెక్సామిక్ ఆసిడ్, రెండు చేతులకీ లావు సూదులతో సెలైన్. ఆ తర్వాత గర్భసంచిలో బెలూన్. 2000ల మొదట్లో ఢాకాలో డాక్టర్ సయేబా అఖ్తర్ మామూలు కండోమ్‌ని కేథటర్‌కి కట్టి సెలైన్‌తో నింపి ఆ బెలూన్‌ని వందల రూపాయలు కూడా అవసరం లేని పనిముట్టుగా మార్చారు. మన ఆంధ్రలో డాక్టర్ సమర్థరామ్, ఆయన సహచరులు దీన్ని తిరగేసి ఆలోచించి, లోపల గాలిని పీల్చేసి గర్భసంచి గోడలని దగ్గరకి లాగే సక్షన్ కాన్యులాని 2014లో ప్రచురించారు. పొట్ట తెరిచాక కూడా ఇంకా దారులుంటాయి. 1997లో క్రిస్టఫర్ బి-లించ్ వెల్లడించిన కుట్టు గర్భసంచిని రెండు వైపులా పట్టీలతో బిగించినట్టు నొక్కి ఉంచుతుంది. రక్తం తెచ్చే ధమనులని ఒక్కొక్కటిగా కట్టేయడం ఇంకో దారి. ఇవన్నీ గర్భసంచిని నిలిపే ప్రయత్నాలు.

ఇక్కడే అసలు పరీక్ష. ఈ మెట్లన్నీ ఎక్కాలన్న పట్టుదలతో గంటలు గడిపేస్తే తల్లి చేజారిపోతుంది. ఒక్క మెట్టూ ఎక్కకుండా కత్తి పడితే, ఇరవై రెండేళ్ళ పిల్ల మళ్ళీ తల్లయ్యే అవకాశం పోతుంది. ఏ మెట్టు దగ్గర ఎన్ని నిమిషాలు ఆగాలో, ఎక్కడ ప్రయత్నాలు చాలించి గర్భసంచి తీసేద్దాం అనాలో తేల్చేది అనుభవం. మెత్తబడ్డ గర్భసంచికి బెలూన్‌తో కొంచెం గడువు దొరకొచ్చు. మచ్చలోకి చొచ్చుకున్న మాయ విషయంలో దాన్ని పీకే ప్రయత్నమే ప్రాణాంతకం. అక్కడ మాయని ముట్టుకోకుండా గర్భసంచితో పాటు తీయడమే మేలు. గర్భసంచి తీసేద్దాం అనే ముందు ఇంకో సీనియర్‌ని పిలిచి చూపించడం మంచి ఆసుపత్రుల్లో పద్ధతి. ఇద్దరు చూసి తీసుకున్న నిర్ణయంలో తొందరపాటూ తగ్గుతుంది, తటపటాయింపూ తగ్గుతుంది.

చేతుల కింద

మామూలుగా గర్భసంచి తీసే ఆపరేషన్ ఎన్నో చేసిన చేతికి కూడా ఇది కొత్త నేలే. తొమ్మిది నెలల్లో రక్తనాళాలన్నీ ఉబ్బి, పట్టుకుంటే చిరిగేంత పలచబడి ఉంటాయి. కణజాలమంతా నీరు పట్టి మెత్తగా ఉంటుంది. సర్జన్ మొదట గర్భసంచిని పొట్టలోంచి పైకి ఎత్తి సహాయకుడి చేతికిస్తారు. దాన్ని అలా పైకి లాగి పట్టుకోవడంతోనే రక్తస్రావం కొంత తగ్గుతుంది. అవసరమైతే ఒకరు పిడికిలితో బృహద్ధమనిని వెన్నెముకకి అదిమి పట్టి, మత్తు డాక్టరుకి రక్తం ఎక్కించే వ్యవధి ఇస్తారు.

తర్వాత గర్భసంచిని పట్టి ఉంచే బంధనాలు. మామూలు ఆపరేషన్‌లో ఒక్కోదాన్ని క్లాంపు వేసి, కోసి, కట్టి, అప్పుడు ముందుకి వెళతారు. ఇక్కడ కట్టడానికి ఆగరు. క్లాంపు వేయడం, కోయడం, మళ్ళీ క్లాంపు. రెండు వైపులా పెద్ద ధమనులు క్లాంపుల్లో చిక్కేదాకా ఇదే వరస. రక్తం ఆగిందన్న నమ్మకం కలిగాక వెనక్కి వచ్చి ఒక్కొక్కటే కడతారు, ప్రతిదానికీ రెండు ముళ్ళు. వాపు తగ్గాక ఒక ముడి వదులైనా రెండోది నిలవాలి. అండాశయాలని అంటకుండా, గర్భసంచికి ఆనించి క్లాంపు వేస్తారు. ఆ రెండు అండాశయాలు మిగలడమంటే ఆ పిల్లకి ముట్లుడిగిన ముసలితనం ముందే రాకుండా ఉండడం.

ముందువైపు మూత్రకోశం. పాత సిజేరియన్లున్నవాళ్ళలో అది మచ్చకి అతుక్కుపోయి ఉంటుంది. దాన్ని వేలితో తోస్తే చిరుగుతుంది కాబట్టి కత్తెరతో పొర పొరగా విడదీయాలి, ఎంత తొందరలో ఉన్నా. ఇంకా కిందికి వెళితే ఆపరేషన్ అంతటిలో అతి ప్రమాదకరమైన చోటు. మూత్రపిండం నుంచి వచ్చే సన్నని గొట్టం గర్భసంచి ధమని కిందుగా, గర్భాశయ కంఠానికి సుమారు రెండు సెంటీమీటర్ల దూరంలో పోతుంది. నెత్తుటి మడుగులో అది కనబడదు. మంచి సర్జన్ దాన్ని చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య తడిమి పట్టుకుంటారు; వేళ్ళ మధ్య నుంచి టక్కున జారిపోయే తీరు దాని గుర్తు. ఆ తర్వాతే క్లాంపు, అదీ గర్భసంచిని ఆనుకునే.

మాయ పైభాగాన ఉంటే కంఠాన్ని వదిలేసి పైభాగం మాత్రమే తీయడం సరిపోతుంది, వేగంగా అయిపోతుంది. మాయ కింది భాగంలో ఉంటే, రక్తం వచ్చేది అక్కడి నుంచే కాబట్టి కంఠాన్ని కూడా తీయాలి. పూర్తిగా తెరుచుకున్న కంఠం అంచు ఎక్కడ ముగిసిందో కంటికి తెలియదు. వేలు లోపలికి పెట్టి ఆ అంచుని తడిమి, అక్కడే కోస్తారు. చివరగా మూత్రకోశంలోకి రంగునీరు నింపి ఎక్కడా కారడం లేదని చూస్తారు. నర్సు గుడ్డల లెక్క గట్టిగా చదువుతుంది, ఒక్కటి తగ్గినా పొట్ట మూయరు.

రక్తం, గాజు గొట్టం

సర్జన్ చేతులు ఎంత చక్కనివైనా, తల్లి ఒంట్లో గడ్డకట్టే గుణం నశిస్తే కుట్టిన చోటల్లా రక్తం ఊరుతూనే ఉంటుంది. దీన్ని పసిగట్టడానికి ల్యాబు రిపోర్టు దాకా ఆగక్కర్లేని పాత పరీక్ష ఒకటుంది. రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని మామూలు గాజు గొట్టంలో తీసి, గుప్పిట్లో ఒంటి వెచ్చదనానికి పట్టుకోవాలి. నాలుగు నిమిషాలయ్యాక మెల్లగా వంచి చూడాలి. ఏడు నిమిషాలకి గడ్డ కట్టకపోయినా, కట్టిన గడ్డ ఇట్టే విడిపోయినా, ఎర్రరక్తం ఒక్కటే ఎక్కిస్తే చాలదు, ప్లాస్మా కావాలి. ఒక జూనియర్ డాక్టరు గుప్పిట్లో ఉన్న ఆ గొట్టం, ఆపరేషన్ టేబుల్ దగ్గరి నిర్ణయాన్ని మార్చేయగలదు. దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనతే. పుష్టిగా ఉన్న స్త్రీ తట్టుకోగల నష్టం రక్తం తక్కువగా ఉన్న ఆమెని కూల్చేస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ అనే రక్తవ్యాధి ఎక్కువగా ఉండడంతో, అక్కడి డాక్టర్లు ఈ లెక్కలో ఇంకో కాలమ్ వేసుకోవాలి.

ఈ సంఖ్యని ఎలా చదవాలి

ఒక ఆసుపత్రిలో ఏడాదికి ఇన్ని గర్భసంచులు తీశారంటే అది మంచి పేరా, చెడ్డ పేరా? ఆ ఒక్క సంఖ్య ఏదీ చెప్పదు. ఒక్కటీ తీయలేదంటే అక్కడి కాన్పులన్నీ సవ్యంగా అయ్యాయని అర్థం కావచ్చు, కష్టమైన కేసులని ముందే పెద్ద ఊరికి తోలేస్తున్నారని కూడా కావచ్చు, తీయాల్సిన వేళ తీయక తల్లులు పోయారని కూడా కావచ్చు. ఎక్కువ తీస్తున్నారంటే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆఖరి నిమిషంలో వచ్చినవాళ్ళందరినీ కాదనకుండా చేర్చుకుంటున్నారేమో చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అందుకే రక్తస్రావానికో ఇన్ఫెక్షన్‌కో గర్భసంచి తీసిన తల్లిని మృత్యుముఖం నుంచి బయటపడ్డవాళ్ళ లెక్కలో చేర్చింది. మన కేంద్ర ప్రభుత్వం 2014లో ఇలాంటి ప్రతి కేసునీ కూర్చుని సమీక్షించాలని మార్గదర్శకాలు ఇచ్చింది. 2017లో మొదలైన లక్ష్య కార్యక్రమం కాన్పు గదుల నాణ్యతకి మార్కులు వేస్తోంది.

ఇదే అవయవాన్ని అకారణంగా తీసేసిన చరిత్ర కూడా మనకుంది. గర్భసంచి ఆపరేషన్లలో ఆంధ్ర, తెలంగాణలు దేశంలో ముందు వరసలో ఉన్నాయి. 2012లో ఛత్తీస్‌గఢ్‌లో బీమా డబ్బుకోసం చేసిన గర్భసంచి ఆపరేషన్లు బయటపడి అలజడి రేగింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అనవసర ఆపరేషన్లని అరికట్టే మార్గదర్శకాలని అమలు చేయాలని రాష్ట్రాలని ఆదేశించింది. ఆ కోతకీ ఈ కోతకీ పనిముట్లు ఒకటే. పనితనం ఎందుకు కోశారన్న దానిలో ఉంది.

ఎవరికి అందుతుంది

భిలాయ్ కొలిమిలో కరిగే ఇనుప రాయి సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని దల్లీ రాజహరా గనుల నుంచి వస్తుంది. ఆ గని కార్మికుల సంఘం నాయకురాలు కుసుంబాయి 1979లో కాన్పులో, సరైన వైద్యం అందక చనిపోయింది. శంకర్ గుహ నియోగి నాయకత్వంలో ఉన్న ఆ కార్మికులు ఆమె చావు దగ్గరే సొంత ఆసుపత్రి కట్టుకోవాలని నిశ్చయించుకున్నారు. తమ చందాలతో, తమ శ్రమతో కట్టి 1983లో తెరిచిన షహీద్ హాస్పిటల్ అలా పుట్టింది. ఇనుము తీసే నేల మీద ప్రసూతి వైద్యం హక్కు అని కార్మికులే చాటిన సందర్భమది. పెద్దాసుపత్రిలో ఎంత గొప్ప సర్జన్ ఉన్నా, అక్కడికి చేరలేని తల్లికి ఆ చేతులు లేనట్టే. ఇవాళ 102 నంబరుకి ఫోన్ చేస్తే వచ్చే మహతారీ అంబులెన్సులు ఉన్నాయి, ఆసుపత్రి కాన్పులు పెరిగాయి. అయినా గని ఊరి నుంచి, అడవి పల్లె నుంచి బయలుదేరిన బాలింతకి దారిలో పోయే గంట ఇంకా ఖరీదైనదే.

ఆపరేషన్ అయ్యాక కూడా పనితనం మిగిలే ఉంటుంది. ఐసీయూలో కళ్ళు తెరిచిన పిల్లకి ఏం జరిగిందో సూటిగా, మెల్లగా చెప్పాలి. ఇకపై ముట్టు రాదు, గర్భం రాదు, కానీ అండాశయాలున్నాయి, ఆరోగ్యంగా బతుకుతావు అని చెప్పాలి. బిడ్డని పక్కలో పెట్టి పాలు పట్టించాలి. మరీ ఎక్కువ రక్తం పోయినవాళ్ళలో పిట్యుటరీ గ్రంథి దెబ్బతిని పాలు పడకపోవచ్చు. అలాంటప్పుడు ఆమెని దెప్పకుండా పరీక్ష చేయించాలి. భర్తకీ అత్తగారికీ డాక్టరే కూర్చుని వివరిస్తే, ఇంటికెళ్ళాక గొడ్రాలన్న మాట పడకుండా ఆ పిల్లకి కొంత కాపు దొరుకుతుంది.

గర్భసంచి పోయినా బిడ్డనెత్తుకుని నడిచి ఇంటికెళ్ళిన తల్లిని వైఫల్యాల పద్దులో రాయకూడదు. ఆమె కేసుని మాత్రం మొదటి నుంచి చివరి దాకా చదవాలి. తొలి సిజేరియన్ నిజంగా అవసరమైందా, మచ్చ మీద మాయ ఉందని స్కానింగులో ముందే చూశారా, రక్తం సిద్ధంగా ఉందా, నిర్ణయం వేళకి జరిగిందా? ఈ ప్రశ్నలకి నిజాయితీగా జవాబు రాసుకునే ఆసుపత్రి, తర్వాత వచ్చే తల్లి గర్భసంచిని కూడా నిలబెట్టగలుగుతుంది. ఇంట్లో గర్భిణి ఉన్నవాళ్ళం పాత డిశ్చార్జి కాగితాలు భద్రపరిచి, ఏడాదికి ఒకటి రెండుసార్లు రక్తం ఇచ్చి, సిజేరియన్ అనగానే ఎందుకని మర్యాదగా అడిగితే, ఆ పనితనంలో మన వంతు మనం చేసినట్టు.